కట్టడం కంటే కాపాడటం గొప్పదన్న చెరువు శాసనాలు

2024 వేసవిలో తెలంగాణ రాజముద్రను మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, అందులోని కాకతీయ తోరణం ఉండాలా పోవాలా అని పెద్ద వాదనే నడిచింది. ఓరుగల్లు కోటలో స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన ఆ రాతి తోరణాలు అంత పట్టింపుకు తగినవే. అయితే ఆ తోరణాలు నిలిపిన రాజుల కాలంలోనే కట్టిన చెరువులు కూడా ఇంకా ఉన్నాయి. వాటి నీరు పరుచుకునే శిఖం నేలలో ఎన్ని ప్లాట్లు లేచాయి, ఏ తూము ఎన్నేళ్లుగా పూడిపోయి ఉంది అన్నదాని మీద అంత వేడిగా మాట్లాడుకోవడం ఎక్కడా కనపడదు. తోరణం బొమ్మ మన గౌరవానికి గుర్తయింది, చెరువు మాత్రం ఇరిగేషన్ శాఖ ఫైలైపోయింది.

రాజుల చరిత్ర ఇవాళ జనం దగ్గరికి ఎక్కువగా సినిమా తెర మీద, కూడలిలో విగ్రహంగా, కులసంఘం ఫ్లెక్సీ మీద వస్తోంది. వీటన్నిటిలోనూ రాజు గుర్రం మీదే ఉంటాడు, కత్తి పైకెత్తే ఉంటాడు. శాసనాల్లో కనిపించే రాజు వేరు. మొదట వంశప్రశస్తి, గెలిచిన యుద్ధాల పొగడ్త ఉంటాయి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఎన్ని మర్తుర్ల పొలం, ఎన్ని మాడల సుంకం, ఎవరికెంత వాటా, హద్దు ఏ రాయి దగ్గర మొదలై ఏ చెట్టు దగ్గర ముగుస్తుంది, అన్నీ వరుసగా రాయించి ఉంటాయి. పాఠ్యపుస్తకాలు మొదటి భాగాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేశాయి. నేటి బతుకుకు పనికొచ్చే చరిత్ర ఎక్కువగా ఈ రెండో భాగంలోనే ఉంది.

తెలంగాణ పీఠభూమికి గోదావరి, కృష్ణ దగ్గరే ఉన్నా అవి లోతున పారతాయి, నేల ఎత్తున ఉంటుంది. యంత్రాలు లేని కాలంలో ఆ నీరు పైకి రాదు. అడుగున గట్టి రాయి, పైన పలచని చెల్క నేల, ఏడాదిలో నాలుగు నెలల వాన. ఆ నాలుగు నెలల్లో పడ్డ నీటిని ఎక్కడికక్కడ ఆపుకోగలిగితేనే మిగతా ఎనిమిది నెలలు గడుస్తాయి. కళ్యాణి చాళుక్యులకు సామంతులుగా అనుమకొండలో మొదలైన కాకతీయులకు ఇది మొదటినుంచీ తెలిసిన లెక్క. వాన మీదే ఆధారపడే చెల్క పొలం నీరు పారే తరి పొలమైతేనే ఊళ్లు నిలుస్తాయి, ఊళ్లు నిలిస్తేనే ఖజానా నిండుతుంది. దయ వల్లే చెరువులు తవ్వించారని చెప్పుకోవడం సగం నిజమే. రాబడి లెక్క కూడా కలిస్తేనే అది పూర్తి నిజం. ఆ లెక్క ఉండబట్టే చెరువులు కట్టించడం ఒక రాజు ముచ్చటగా ఆగిపోకుండా, తరాల పాటు సాగిన పాలనా పద్ధతి అయింది.

పైగా వీటిలో చాలా చెరువులు రాజు స్వయంగా కట్టించినవి కావు. 1199 నుంచి 1262 దాకా పాలించిన గణపతిదేవుడి కాలాన్నే చూస్తే, పాలంపేటలో రామప్ప గుడిని 1213లో నిలబెట్టింది ఆయన సేనాని రేచర్ల రుద్రుడు. గుడి దగ్గరే పెద్ద చెరువు ఉంది. రెండు గుట్టల నడుమ కట్ట వేసి పాకాల చెరువును కట్టించింది జగదాల ముమ్మడి నాయకుడు. బయ్యారంలో చెరువు తవ్వించింది గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ. కాకతీయుల వంశక్రమం మనకు ఇంత స్పష్టంగా తెలియడానికి ముఖ్యమైన ఆధారాల్లో ఆ బయ్యారం చెరువు శాసనం ఒకటి. ఒక ఆడబిడ్డ చెరువు కట్టించి, ఆ పుణ్యం తన వంశానికి చెందాలని పూర్వుల పేర్లు వరుసగా చెక్కించింది కాబట్టి ఆ వంశచరిత్ర మనకు దక్కింది.

ఎందుకింతమంది పోటీపడి కట్టించారంటే, ఆనాటి నమ్మకంలో చెరువు సప్తసంతానాల్లో ఒకటి. కొడుకును కనడం, గుడి కట్టడం, తోట వేయడం, అగ్రహారం నిలపడం, కావ్యం రాయించడం, నిధి నిలపడం, చెరువు తవ్వించడం. ఈ ఏడూ మనిషి పేరును అతని తర్వాత నిలబెట్టేవి. కొడుకుతో సమానమన్నప్పుడు ఆ పోలికలో ఒక బాధ్యత కూడా ఉంది. కొడుకును కని వదిలేస్తే సరిపోదు, పెంచాలి.

చెరువును ఎలా పెంచాలో రాసి పెట్టిన శాసనం తెలుగు నేల మీదే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369లో వేయించినది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి సీమను ఏలుతూ అక్కడ అనంతరాజసాగరం అనే చెరువు కట్టించాడు. ఆ సందర్భంలో వేయించిన సంస్కృత శాసనం ఇంజనీరింగ్ పాఠంలా ఉంటుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి. ధర్మబుద్ధి, ధనం ఉన్న ప్రభువు కావాలి. పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం తెలిసిన విద్వాంసుడు కావాలి. అడుగున గట్టి బంకమట్టి నేల ఉండాలి. దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు ఉండాలి. కట్ట రెండు కొండల నడుమ ఇమడాలి, మరీ పొడవు కాకుండా దృఢంగా ఉండాలి. చెరువు గర్భం లోతుగా, విశాలంగా ఉండాలి. నిడుపాటి తిన్నని రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. కింద సమతలంగా, పండే పొలాలు ఉండాలి. చివరిగా, పని తెలిసిన మనుషులు ఉండాలి. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని ఖర్చయిన శ్రమను కూడా లెక్క చెప్పింది.

ఆ పన్నెండింటి తర్వాత ఆరు దోషాలు చెప్పింది. అసలు విలువ అక్కడుంది. కట్ట నుంచి నీరు ఊరి కారడం ఒకటి. ఉప్పు నేల రెండోది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం మూడోది. చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండటం నాలుగోది. నీరు తక్కువై పారించాల్సిన పొలం ఎక్కువ కావడం ఐదోది. నీరు ఎక్కువై చోటు తక్కువ కావడం ఆరోది.

ఈ ఆరింటినీ ఇవాళ్టి వార్తల పక్కన పెట్టి చదవాలి. 2023 నవంబరు చివర, తెలంగాణలో పోలింగ్‌కు ముందు రాత్రి, నాగార్జునసాగర్ ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. సగం గేట్లు ఒకరివి, సగం మరొకరివి అన్నట్టు కట్ట నడిమధ్య ముళ్లకంచె పడింది. ఆరువందల యాభై ఏళ్ల కిందటి మూడో దోషం అదే. సరిహద్దు మీద కట్టు ఉంటే ఎవరూ పూర్తిగా చూసుకోరు, ఇద్దరూ పూర్తిగా తమదంటారని ఆ కాలం వాళ్లకు అనుభవంతో తెలిసింది. సరిహద్దును చెరిపేయలేం, నది తన దారిన పారుతుంది. కాబట్టి ఈ దోషానికి మందు కట్ట మీద దొరకదు, ముందే కుదుర్చుకున్న ఒప్పందంలో దొరకాలి. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా కృష్ణా జలాల పంపకం ఇంకా ట్రిబ్యునల్ ముందే ఉంది.

ఆరో దోషం నగరాలది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కుండపోత కురిసినప్పుడు పాతబస్తీ ఎగువన గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగాయి. వరంగల్ నగరం 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ నీళ్లలో ఉంది. ఆ 2023 జులై వానల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంత వానకు ఏ కాలపు కట్టడమైనా వణుకుతుంది, అందులో సందేహం లేదు. కాని నగరంలో ప్రతి ఏడూ పడే మామూలు వానకు కూడా వీధులు మునుగుతున్నాయంటే కారణం మబ్బుల్లో లేదు. నీరు పాతదే, దానికి ఇవ్వాల్సిన చోటు తగ్గింది. శిఖం అనే మాటకు అర్థం చెరువు నిండినప్పుడు నీరు పరుచుకునే నేల. ఎండాకాలంలో అది ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. పట్టా పుట్టించేవాళ్లకు ఆ ఎండాకాలం చాలు.

మొదటి దోషం, కట్ట కింద నీరు ఊరడం, మరీ చేదుగా రుజువైంది. 2019లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు, అంటే దాన్ని మోసే స్తంభాలు, 2023 అక్టోబరులో కుంగాయి. చూసివెళ్లిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ చెప్పిన కారణాల్లో పునాది కింది ఇసుక నీటితో పాటు కొట్టుకుపోవడం ఒకటి. కట్టాక చేయాల్సిన తనిఖీలు, నిర్వహణ సరిగా జరగలేదన్నది మరొకటి. మొదటిది డిజైన్‌కు, నిర్మాణానికి సంబంధించిన చర్చ. రెండోదానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. వరద వెళ్లాక కట్ట వెంట నడిచి, ఎక్కడ రాయి కదిలింది, ఎక్కడ తడి ఊరుతోంది అని చూసే మనిషి ఉంటే చాలు. ప్రతి చెరువుకూ అలాంటి మనిషి ఒకప్పుడు ఉండేవాడు.

తెలంగాణలో అతన్ని నీరటి, నీరటికాడు అన్నారు. తూము ఎత్తడం, దించడం అతని చేతిలో పని. పాత చెరువుల్లో కట్టకు లోపలి వైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలిచి కనిపిస్తాయి. వాటి నడుమ అడ్డంగా రాతి పలకలు, ఆ పలకలకు బెజ్జాలు. బెజ్జాల గుండా పొడవాటి కర్ర దిగి, అడుగున రాతి తొట్టికున్న రంధ్రాన్ని బిరడాలా మూస్తుంది. ఆ కర్రను ఎంత ఎత్తాలి, ఏ పొలానికి ఎన్ని గడియలు, ఎవరి వంతు ఎప్పుడు అన్నది నీరటికి నోటి లెక్క. రాత్రి వాన గట్టిగా పడితే అలుగు, అంటే నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు, దగ్గరికి వెళ్లాల్సింది అతనే. వానాకాలం చివర్లో కొన్ని చెరువుల అలుగు మీద నిలబెట్టిన రాళ్ల సందుల్లో మట్టి, గడ్డి కూరి మరో అడుగు నీరు ఆపుతారు. తుపాను వాసన తగిలితే ఆ మట్టిని తీసేయాలి. పది నిమిషాలు ఆలస్యమైతే కట్ట తెగుతుంది. ఒక కట్ట తెగితే కథ అక్కడితో ఆగదు. గొలుసుకట్టులో పై చెరువు అలుగు (మత్తడి) దూకిన నీరు కింది చెరువుకు చేరుతుంది, అది నిండి మరో చెరువుకు. పై కట్ట తెగి వచ్చే వరద కింది కట్టలన్నిటినీ వరుసగా తెంపుకుంటూ పోతుంది. పై ఊరి నీరటి మెలకువ మీద కింది ఊరి పంట ఆధారపడి ఉండేది.

ఈ పనికి జీతం రాజధాని నుంచి వచ్చేది కాదు. కళ్లం దగ్గరే పంటలో మేర, అంటే అతని వాటా, ముట్టేది, లేదా సేవకు బదులుగా ఇచ్చిన ఇనాం పొలం ఉండేది. పంట పండితేనే మేర కాబట్టి నీరు వృథా అయితే అతనికీ నష్టమే. చెరువు కట్టించినవారికి, తెగితే బాగు చేయించినవారికి వేరే ఏర్పాటు ఉండేది. దాని పేరు దశబంధం. పదో వంతు అన్న అర్థం అందులోనే ఉంది. చెరువు కింద సాగయ్యే భూమిలోనో రాబడిలోనో ఒక వాటా వాళ్లకు చెందుతుంది, దానికి బదులు చెరువును ఎప్పుడూ మంచి స్థితిలో ఉంచాలి. రాయలసీమలో దశబంధం ఇనాములు ఇంగ్లీషువాళ్ల కాలం దాకా రికార్డుల్లో నడిచాయి. రాజ్యం పోయినా, రాజు భాష మారినా, పదో వంతు ఒప్పందం మాత్రం అక్కడే ఉంది.

కాకతీయ చెరువులు ఏడువందల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచాయని మురిపెంగా చెప్పుకుంటాం. అది కొంచెం సవరించుకోవాల్సిన మాట. అవి చాలాసార్లు తెగాయి, పూడాయి, కొన్ని అడవిలో కలిసిపోయాయి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. ఆ తర్వాత ముసునూరి నాయకులు, రేచర్ల వెలమలు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. రాజ్యాలు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు మళ్లీ కట్ట వేశారు, మళ్లీ తూము పెట్టారు. మనం ఇవాళ చూస్తున్న చెరువు ఒక్క రాజు కీర్తి మాత్రమే అనుకుంటే, దాన్ని నిలబెట్టిన ముప్పై తరాల ఒడ్డెర పలుగు, నీరటి రాత్రులు లెక్కలోకి రావు.

దీనికి శాసనాల్లోనే సాక్ష్యం ఉంది. దానశాసనాల చివర తరచూ చెక్కే శ్లోకాలు కొన్ని ఉన్నాయి. చదివేవాళ్లు వాటిని మామూలు మంగళం అనుకుని దాటేస్తారు. వాటిలో ఒకటి ఇది: ‘దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోనుపాలనమ్, దానాత్ స్వర్గమవాప్నోతి పాలనాదచ్యుతం పదమ్’. ఇవ్వడం, ఇచ్చినదాన్ని కాపాడటం, ఈ రెండింటిలో కాపాడటమే మేలు. ఇస్తే స్వర్గం దక్కుతుంది. కాపాడితే ఇక జారిపడని పదమే దక్కుతుంది. మరొకటి ఇంకా సూటిగా చెబుతుంది: ‘స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనమ్’. తానిచ్చినదాని కంటే ఇంకొకరు ఇచ్చినదాన్ని కాపాడితే రెట్టింపు పుణ్యం. ఇంకొకరి దానాన్ని లాక్కుంటే తానిచ్చిన దానం కూడా నిష్ఫలం. అప్పటికీ వినని వాళ్ల కోసం మూడో శ్లోకం ఉంది. తానిచ్చిన భూమినైనా, పరులిచ్చిన భూమినైనా హరించినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడంటుంది.

ఈ శ్లోకాలు ఎవరి కోసం? దానం ఇచ్చిన రాజు కోసం కానే కాదు. తన తర్వాత వచ్చే రాజు కోసం, ముఖ్యంగా శత్రు వంశం నుంచి వచ్చే రాజు కోసం. ఈరోజు తాను గెలిచి ఉన్నా రేపు ఓడతానని, వంశం మారుతుందని దాత ముందే అనుకుని, ఆ రాబోయేవాడితో రాతి మీద మాట్లాడుతున్నాడు. ఆ మాట కొన్నిసార్లు వినబడింది కూడా. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారట. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో మాటిచ్చాడు. శతాబ్దం గడిచి కాకతీయ రాజ్యమే లేకుండా పోయాక, 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు. రాజ్యం మారినా మాట నిలిస్తేనే ఓడ మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మన ప్రభుత్వాలు మారినప్పుడు జరిగేది చూస్తే ఈ శ్లోకాల బరువు అర్థమవుతుంది. పాత పథకానికి కొత్త పేరు, పాత బోర్డుకు కొత్త రంగు, ఆ పని అవతలివాడు మొదలుపెట్టాడు కాబట్టి నిలిపివేత. 2015లో శంకుస్థాపన జరిగిన అమరావతి 2019 తర్వాత ఐదేళ్లు ముళ్లకంపల్లో పడి ఉండి, 2024లో ప్రభుత్వం మారాకే మళ్లీ కదిలింది. ఆ నిర్ణయాల్లో ఎవరి తప్పు ఎంతన్నది వేరే వాదన. ఇంకొకరు మొదలుపెట్టినదాన్ని పూర్తి చేస్తే, కాపాడితే, దానికి మన రాజకీయాల్లో పేరు రాదు, ఓటు రాదు. ఓటర్లుగా మనం కూడా కట్టినవాడినే అడుగుతాం. పూడిక తీయించినవాడిని, తూము బాగు చేయించినవాడిని గుర్తుపెట్టుకోం. శాసనం రెట్టింపు పుణ్యం ఎక్కడుందని చెప్పిందో, సరిగ్గా అక్కడే మనం సున్నా మార్కులు వేస్తున్నాం.

పాత ఏర్పాటు ఎలా చెదిరిందన్నది ఒక్క కారణంతో తేలేది కాదు. చెరువు పెత్తనం ఊరి నుంచి ప్రభుత్వ శాఖకు చేరడం ఇంగ్లీషు పాలనలో, నిజాం పాలనలో మొదలై స్వాతంత్ర్యం తర్వాత పూర్తయింది. తెలంగాణలో 1955లో, ఆంధ్రలో 1956లో ఇనాముల రద్దు చట్టాలు వచ్చాయి. భూసంస్కరణగా అది అవసరమైన పని. కాని సేవకు బదులుగా ఉన్న పొలం సొంతమయ్యాక ఆ సేవ ఎవరిదన్న ప్రశ్న గాలిలో ఉండిపోయింది. ఆ తర్వాత బోరు వచ్చింది. ఎవరి పొలంలో వాళ్లకు నీరుంటే చెరువు వంతు కోసం పక్కవాడితో మాట్లాడాల్సిన పని లేదు. చెరువు ఎండితే బోరు కూడా ఎండుతుందని అర్థమయ్యేసరికి వందల అడుగుల లోతుకు దిగిపోయాం. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి, నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఆలోచన మంచిది. ఎన్నికలు సకాలంలో జరగక, చేతికి నిధులు రాక చాలాచోట్ల సంఘం పేరుకే మిగిలింది.

పాతది అంతా తిరిగి రావాలని కోరుకోవడం కూడా పొరపాటే. నీరటి పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాలకు కులవృత్తిగా కట్టిపెట్టినది. నీరు పంచేవాడికి సొంత పొలం ఉండదు కాబట్టి పక్షపాతం ఉండదని దాన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. పొలం లేకుండా చేసి నిష్పక్షపాతం మెచ్చుకోవడం న్యాయం కాదు. కట్టకు మట్టి మోసిన చేతుల్లో ఎన్నో వెట్టి చేతులు. ఆ చెరువు కింది మంచి తరి పొలాలు బ్రాహ్మణ అగ్రహారాలకు, గుళ్లకు, నాయకులకు వెళ్లాయి. రాజుల చరిత్ర నుంచి నేర్చుకోవడమంటే ఆ పని ఎవరి మెడ మీద నడిచిందో కూడా చెప్పుకోవాలి. తీసుకోవాల్సింది ఒక్క సూత్రం: కట్టిన రోజే దాన్ని ఎవరు చూసుకోవాలి, వాళ్లకు ఏం ముట్టాలి అన్నది రాసిపెట్టడం. ఇవాళ అది కులంతో పని లేని, నెల జీతం ఉన్న ఉద్యోగం కావాలి.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ ఈ చర్చలో తప్పకుండా రావాలి. తెలంగాణలో 46,531 చెరువులు, కుంటలు గుర్తించి విడతలవారీగా బాగు చేయాలని పెట్టుకున్న కార్యక్రమం అది. పేరు పెట్టడంలోనే చరిత్ర స్పృహ ఉంది, పనిలో కూడా ఉంది. జేసీబీలు పూడిక తీస్తుంటే రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఆ ఒండ్రు మట్టిని తమ చెల్కల్లో తోలుకున్నారు. పాత రోజుల్లో ఎండాకాలం రాగానే బండ్ల మీద చేసిన పనే ఇది. చెరువు లోతు పెరుగుతుంది, పొలం బలపడుతుంది, రెండు లాభాలు ఒక్క తోలకంలో. ఆ వేసవుల్లో చెరువు గర్భంలో బారులు తీరిన ట్రాక్టర్లు చూసినవాళ్లు ఆ కార్యక్రమాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు.

లోటు మరోచోట ఉంది. పూడిక అన్నది ఒకసారి తీస్తే పోయేది కాదు, ప్రతి వానకూ వస్తుంది. కట్ట మీద తుమ్మ, సర్కారు కంప ప్రతి ఏడూ మొలుస్తాయి, వేళ్లు కట్టను తొలుస్తాయి. చెరువుకు నీరు తెచ్చే కాలువ ప్రతి ఏడూ ఎవరో ఒకరి గట్టు కింద సన్నబడుతుంది. ఒక్కసారి ఖర్చుకు టెండరు ఉంటుంది, కాంట్రాక్టరు ఉంటాడు, బిల్లు ఉంటుంది. ఏటా చేయాల్సిన చిన్న పనికి మనిషి ఉండడు. కాకతీయుల పేరు తీసుకున్నాం, వాళ్ల కట్టడాన్ని బాగు చేసుకున్నాం, దాన్ని నడిపిన ఒప్పందాన్ని మాత్రం తిరగరాసుకోలేదు.

ఈ తేడా రెండు రాళ్లను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. చెరువు కట్ట మీద ఇవాళ కనిపించే శిలాఫలకంలో ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, ముఖ్య అతిథులు, మంజూరైన మొత్తం, తేదీ ఉంటాయి. పోరుమామిళ్ల రాతిలో కట్టించినవాడి పేరుతో పాటు ఏరు ఎక్కడి నుంచి రావాలి, కట్ట ఎలా ఉండాలి, ఏ తప్పులు చేయకూడదు అన్నవీ ఉన్నాయి. ఒకటి ఆ రోజు సభకు వచ్చినవాళ్ల జాబితా. రెండోది ఆ తర్వాత పుట్టబోయేవాళ్లకు రాసిన చీటీ. అనంతరాజసాగరం ఇప్పటికీ ఉంది. కంభం చెరువుతో, కర్నూలు–కడప కాలువతో పాటు దానికి 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది.

వారసత్వ గుర్తింపు వచ్చిన చోట సెల్ఫీలు పెరుగుతాయి, లక్నవరం వేలాడే వంతెన మీద సెలవు రోజున నిలబడటానికి చోటుండదు. అది మంచిదే, జనం చెరువు దగ్గరికి రావడం ఎప్పుడూ మంచిదే. బతుకమ్మను సాగనంపేది చెరువులోనే, కట్ట మైసమ్మకు బోనం ఎత్తేది కట్ట మీదే. ఊరికి చెరువుతో బంధం తెగిపోలేదు. ఆ బంధానికి పని జత కావాలి. ఏప్రిల్లో శిఖం హద్దు రాళ్లు సరిచూడాలి. మే నెలలో కట్ట మీది కంప కొట్టించి, తూము షట్టరుకు గ్రీజు పెట్టించి, నీరు వచ్చే కాలువకు అడ్డం తీయించాలి. జూన్ మొదటి వానకు అలుగు దగ్గర ఒక మనిషి ఉండాలి. వానాకాలం పోయాక చెరువులో ఎంత నీరుంది, యాసంగికి ఎన్నెకరాలకు సరిపోతుంది అని ఊరంతా కట్ట మీద కూర్చుని తైబందీ తేల్చుకోవాలి. తైబందీ అన్న మాట పాత రెవెన్యూ కాగితాల్లో ఉంది, పెద్ద రైతుల నోళ్లలో ఇంకా ఉంది. కొన్ని చెరువుల కింద యాసంగి నాట్లకు ముందు ఆ లెక్క ఇప్పటికీ తేలుస్తున్నారు.